మా వదిన కొలత

మా వదినను చూసినవాళ్లు మొదట అనే మాట "అబ్బో, ఎంత పొడుగో." రెండో మాట "కాస్త వంగమ్మా." ఆమె చెవిన పడ్డ మాటల్లో సగం ఈ రెండేనని నా నమ్మకం. పెళ్లి ఫొటోలో మా అన్నయ్య పక్కన మోకాళ్లు మడిచి నిలబడమన్నాడు ఫొటోగ్రాఫరు. ఆమె మడవలేదు. చివరికి మా అన్నయ్యే ఇటుక ఎక్కాడు. ఆ ఫొటో ఇప్పటికీ ముందు గదిలో ఉంది, ఇటుకతో సహా. అన్నయ్యకు దాని గురించి ఏ చింతా లేదు. బాధంతా చుట్టాలకే.

నేను బట్టలు కుడతాను. మనిషి ఎదురైతే ముందు భుజాలు, తర్వాత నడుము, ఆ తర్వాతే ముఖం చూడటం నాకు అలవాటు. అందుకే వదిన నడుము దెబ్బతింటోందని ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసింది.

ఆమె పనిచేసేది నీళ్లు శుభ్రం చేసే కేంద్రంలో. పెద్ద పెద్ద తొట్లు, వాటి చుట్టూ ఏటవాలు మట్టికట్టలు, కట్టల నిండా గడ్డి. మొదట ఊడ్చే పనిలో చేరింది. గడ్డి కోసే మిషను పట్టే మనిషి నడుం నొప్పని మానేస్తే, ఆ పని తనకిమ్మని తనే వెళ్లి అడిగింది. మేస్త్రి నవ్వాడట. అయినా ఇంకెవరూ దొరక్క ఇచ్చాడు. భుజానికి బెల్టు, బెల్టుకు కొక్కెం, కొక్కేనికి వేలాడే మిషను. వెనక ఇంజను, ముందు గిర్రున తిరిగే నైలాన్ తీగ. అది మొదలైతే ఎవరి మాటా వినపడదు. అందుకే ఆ పని తనకు నచ్చిందనేది వదిన.

కొన్నాళ్లకు ఇంటికి రాగానే నేల మీద వెల్లకిలా పడుకోవడం మొదలుపెట్టింది. గరిటె కింద పడితే కాలివేళ్లతో తీసేది. పిల్లలు దాన్ని విద్య అనుకుని చప్పట్లు కొట్టారు. నేను మాత్రం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. "పని మానెయ్యాలి, లేదా పని చేసే తీరు మార్చుకోవాలి" అందావిడ. ఇంట్లో అందరికీ మొదటి సగమే వినపడింది.

మేస్త్రికి ఆ సగం కూడా అక్కర్లేకపోయింది. "సోమవారం పెద్ద కట్ట కొయ్యాలి. నడుం పట్టుకుని మధ్యలో కూలబడ్డావంటే మిషను దింపేసి మళ్లీ చీపురు పట్టుకో" అన్నాడట.

"పోనీ చీపురే పట్టుకోరాదూ వదినా, ఏం పోయింది?" అన్నాను నేను.

"చీపురుకైతే వంగక్కర్లేదా?" అంది.

నేను సూదిలోకి దారం ఎక్కించుకున్నాను.

శనివారం ఆమె బెల్టు ఇంటికి తెచ్చింది. భుజం దగ్గర మెత్త చిరిగింది, కుట్టిపెట్టమంది. చేతిలోకి తీసుకోగానే నాకు తేడా కనిపించింది. పొడవు సర్దుకోవడానికి బకిల్ ఉంది. కానీ అది జరగకుండా దాని మీదుగా చెప్పులు కుట్టే దారంతో అడ్డదిడ్డంగా కుట్టేశారు.

"ఇదెవరి పని?"

"మేస్త్రిదే. తను మిషను పట్టే రోజుల్లో తన కొలతకి కుట్టించేశాడు. పొద్దున్నే ఎవరికి వాళ్లు సర్దుకుంటూ కూర్చుంటే పని సాగదట. రెండు మిషన్లకీ అదే."

మేస్త్రి నాకు తెలుసు. వదిన భుజం దాకా కూడా రాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తన చొక్కా ఈమెకు తొడిగి, చేతులు పొడుగ్గా ఉన్నాయేమని తిట్టేవాణ్ని ఏమనాలి?

బెల్టు వదినకు తగిలించి, కొక్కేనికి ఇల్లు తుడిచే కర్ర కట్టాను. నిటారుగా నిలబడితే కర్ర కొస నేలకు అందనే లేదు. ఆమె నడుము వంచింది. అప్పుడు అందింది. రోజంతా, ఆ ఏటవాలు మీద, ఇదే వంపు.

నేను కత్తెర తీశాను. ఆమె నా చేతిలోంచి లాక్కుంది.

"నువ్వు తీస్తే ఆడపడుచు చేసిందంటారు. ఇలా ఇవ్వు."

ఒక్కో కుట్టూ తనే తెంపింది. బెల్టు వదులు చేశాక కర్ర కొస నేలకు ఆనీ ఆననట్టు నిలిచింది, వదిన మాత్రం నిటారుగానే ఉంది. నడుము మెలితిప్పకుండా పాదాలు కదుపుతూ, ఒళ్లంతా ఒక్కటిగా అటూ ఇటూ తిరిగి చూసుకుంది. వంటింట్లో ఆ కర్రతో తిరుగుతుంటే అన్నయ్య గుమ్మంలో నిలబడి, "ఆ మూల కూడా కొయ్యి, దుమ్ము పెరిగింది" అన్నాడు.

సోమవారం కుట్టుపని పక్కన పడేసి నేనూ వెంట వెళ్లాను. గొడవ జరిగితే చూడాలని ఉంది, దాచడం దేనికి? మేస్త్రి బెల్టు చూడగానే ముఖం మాడ్చుకున్నాడు.

"ఆఫీసు సామాను మీద నీ పెత్తనమేంటి?"

"బెల్టు ఆఫీసుది, మేస్త్రీ. నడుం నాది."

"ఇన్నేళ్లూ ఆ కొలతతోనే కోశాం. నా నడుం విరిగిందా?"

"మీ కొలత కదా, ఎందుకు విరుగుతుంది? నాకు ముందు పట్టినాయన ఎందుకు మానేశాడో ఎప్పుడైనా ఆలోచించారా? ఇవాళ నా కొలతతో మీరు ఒక్క వరస కోసి చూపించండి. తర్వాత నేనే చీపురు తెచ్చుకుంటా."

రెండో మిషను పట్టే అతను దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగాడు. మేస్త్రికి వెనక్కి తగ్గే దారి లేకపోయింది. బెల్టు తగిలించుకున్నాడు. తీగ తిరిగే కొస నేల మీద పడి మట్టి ఎగజిమ్మింది. దాన్ని రెండు చేతులా పైకి ఎత్తిపట్టి, పొట్ట ముందుకు తోసి, వరస సగం కోశాడు. తర్వాత ఇంజను ఆపి, ఎవరూ చూడట్లేదనుకుని నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. నేను చూశాను.

వదిన బెల్టు తీసుకుని తగిలించుకుని కట్ట ఎక్కింది. పెట్రోలు సగమే పోయించుకుంది, బరువు తగ్గాలని. కాసేపు కోశాక మిషను దింపి, వెనక్కి విరుచుకుని ఒళ్లు సాగదీసుకుని, మళ్లీ మొదలుపెట్టింది. అలా ఆపినప్పుడల్లా మేస్త్రి కింది నుంచి ఏదో అరిచాడు. మోతకి పెట్టుకున్న చెవి కప్పులు ఆమె తియ్యలేదు. మధ్యాహ్నం దాటిపోయింది. కానీ కట్ట మొత్తం ఆమే కోసింది, కూలబడకుండా. కిందికి దిగి వస్తుంటే ఎదురెళ్లి నీళ్ల సీసా అందించాను.

సామాన్ల గదిలో మిషను పెట్టి, బెల్టు మేకుకు తగిలించబోయింది. మేస్త్రి గుమ్మంలోంచి, ఈసారి గొంతు తగ్గించి, "పాత కొలతకి లాగి పెట్టమ్మా" అన్నాడు.

"ఎవరికి కావాలంటే వాళ్లు పొద్దున సర్దుకుంటారులెండి" అంది వదిన.

పక్కనే రెండో మిషను పట్టే అతను జేబులోంచి బ్లేడు తీసి, తన బెల్టు కుట్లు తెంపుకుంటున్నాడు. వదిన తన బెల్టును తన పొడవుకే ఉంచి మేకుకు తగిలించింది. కొక్కెం పాత చోటికంటే జానెడు కిందికి వేలాడుతోంది.