చేప యాడ ఎక్కిందని అడిగిన కండక్టరు

ఆళ్లగడ్డ బస్సు కండక్టరు ఓబులేసన్న ఇక లేడన్న వార్త పదిహేను రోజుల కిందట బస్సు డ్రైవరు నోట నా హోటల్లోకి వచ్చింది. ఆ మహనీయుని నిర్యాణం నన్ను శోకసాగరంలో ముంచిందని రాయడం మర్యాద. నిజానికి ముందు భయపెట్టింది. ఆరేండ్లుగా ఆయన ముందు ఒప్పుకోవలసిన అబద్ధం ఒకటి నా గొంతులో ఉంది. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అని వాయిదా వేసుకుంటూ వచ్చినాను. ఇప్పుడు వినే మనిషి లేడు.

తొంభైలలో నంద్యాల బస్టాండు ఎదురుగా నేను భోజన హోటలు పెట్టిన కొత్తలో, ఆళ్లగడ్డ బస్సు దిగి ఈ కండక్టరు గడపలోనే నిలబడి అడిగినాడు. "ఏమప్పా, ఈ పొద్దు చేప యాడ ఎక్కింది?"

అంగళ్ల వీధిలో పుట్టి, నడక కంటే ముందు బేరం నేర్చినవాణ్ణి. సరుకు ధర అడిగేవాళ్లను చూసినాను గానీ దాని ఊరడిగేవాణ్ణి చూడలేదు. "గంపలో ఎక్కిందన్నా" అన్నాను.

"గంపలోకి యాడ ఎక్కింది? చెరువులో పెంచిందా, కుందూ ఏట్లో పట్టిందా? కడుపుతో ఉన్నిందా?" అంటూ నేరుగా వంటింట్లోకి పోయి, కోయని చేపను తిరగేసి చూసినాడు. పక్కనున్న చిన్న చేపల మీద జాన పెట్టి కొలిచి, "జానెడు లేనిదానికి నేను అర టికెట్టు గూడా కొట్టను. ఇంకోసారి వీటిని కొనొద్దు" అన్నాడు.

ఆ పట్టుదలకు మూలం ఆయన బాల్యం. కుందూ ఒడ్డు పల్లె. తండ్రి వల వేసి బతికినవాడు. ఒక ఏడు తొలివానలకు ఏటికి ఎదురీదే గుడ్ల చేపలను ఊరంతా గంపలకెత్తింది. సన్నకన్ను వలలతో పిల్లలనూ ఊడ్చింది. రెండేండ్లు తిరిగేసరికి ఏట్లో చేప లేదు, తండ్రి కూలికి పోయినాడు. "మా నాయన వలను ఎవురో కాదప్పా, మేమే తినింది. పులుసులో ముంచుకొని తిన్యాం" అనేవాడు. అందుకే ఆషాఢ శ్రావణాల్లో ఏటి చేపను ముట్టడు. పెంచిన చేపయితేనే తింటాడు.

ఒకసారి కొత్తగా తెరిచిన ఏసీ హోటలుకు నన్ను తోడు తీసుకుపోయినాడు. సముద్రం మొగమెరగని మా ఊళ్లో వంజరం చేప వేపుడు! "ఇది యాడిదప్పా?" అని సర్వరును అడిగినాడు. "ఫ్రిజ్జులోది సార్." "యాడ పుట్టిందో తెలీనోడివి, ఎప్పుడు సచ్చిందో ఏం జెప్తావు? రెండు కోడిగుడ్లు ఏపుకొని రాపో" అన్నాడు. సర్వరుతో పాటు పక్క బల్లల వాళ్లూ నవ్వినారు. ఆ రోజు సిగ్గుపడింది నేనొక్కణ్ణే.

ఇక నా ఘనకార్యం. ఒక ఆషాఢంలో చెరువు చేప రాలేదు. కుందూ నుంచి ఒకడు కడుపు ఉబ్బిన బొచ్చె చేపను తెచ్చినాడు. పొట్టంతా గుడ్లే, కండ తక్కువని ధర తగ్గించినాను. తక్కువకు కొన్నానని లోలోపల పొంగిపోయినాను కూడా. గుడ్లు తీయించి పులుసు పెట్టించినాను. ఓబులేసన్న ఉరుకులాడుతూ వచ్చినాడు. "బస్సు లేటప్పా. లోపలికి పోయి చూసే టైం లేదు. నీ మాట చాలు. యాడ ఎక్కింది?"

"చెరువుదే అన్నా."

తిన్నాడు. నడుమ ఒకసారి నమలడం ఆపినాడు. మళ్లీ ఆకు ఊడ్చినట్టు తిని, చెయ్యి కడుక్కొని, "వస్తా" అని పోయినాడు.

మరుసటి రోజు నుంచి పప్పన్నమే. "చేప మానమన్యాడప్పా డాక్టరు" అన్నాడు. ఆరేండ్లు అదే బల్ల, అదే పప్పు. తిన్నాక కాసేపు నా మొహం వైపే చూసి లేచిపోయేవాడు. ఆ చూపు ఏమడుగుతోందో తెలియనట్టు చిల్లర వెతికేవాణ్ణి.

కర్మ రోజు ఆళ్లగడ్డ పోయి ఆయన భార్యను పలకరించినాను. "చేప తినకుండానే పోయినాడు గదా వదినె" అన్నాను, ఓదార్చేవాడి మాదిరి.

ఆమె తలెత్తింది. "ఏ డాక్టరు మానమన్యాడు నాయనా? ఆ పొద్దు నీ హోటల్లో ముక్కకు అంటుకొని గుడ్లు తగిలినాయంట. ఇంటికొచ్చి చెప్పినాడు. మరి ఆడికే ఏల పోతాండావంటే, 'నలుగుర్లో అడిగితే ఆయప్ప తలెత్తుకోలేడు. పోతాంటే ఏదో ఒకనాడు ఆయప్పే చెప్తాడులే' అనె."

ప్రశ్నించడం ధర్మమని నమ్మినవాడు, నా పరువు కోసం ఆ ఒక్క ప్రశ్నను మింగినాడు. అటువంటి భోక్త, అటువంటి మిత్రుడు ఈ నంద్యాల బస్టాండుకు మళ్లీ రాడు. ఆయన దివ్యస్మృతికి మొక్కుతున్నాను. ఇప్పుడు గిరాకీలకు అడగకముందే చేప ఊరూ పేరూ చెప్తున్నాను. "అదంతా ఏలప్పా, ముండ్లు తక్కువుంటే తొందరగా వెయ్" అంటున్నారు.

ఆ బల్ల మాత్రం ఖాళీగానే ఉంచుతున్నాను. మధ్యాహ్నం ఆళ్లగడ్డ బస్సు వచ్చి ఆగితే చాలు, గడపలో ఎవరూ లేకపోయినా నా నోరు అటు తిరిగి చెప్తుంది. "కుందూలో ఎక్కిందన్నా. కడుపుతో ఎక్కింది."