పొగమంచులో ఉన్నవాని కోసం ఆగిన బల్ల

ఎండనూ మంచునూ తన చేతిలో ఉంచుకొని, ఏ నేలకు ఏది తగునో ఎరిగి పంపే దేవునికి స్తోత్రం. మన కళ్లు చేరలేని దారుల్లో మనవాళ్లకు తోడు నడిచే ప్రభువుకు మహిమ కలుగును గాక. ముందుగా ఆయన నామాన్ని తలచుకొని, ఆయన సేవకుడొకరిని గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ ఉదయం వాకిట్లో పరిచిన నాపరాతి బండల మీద నీళ్లు చల్లుతున్నాను. ఇంకా ఫిబ్రవరి దాటలేదు, అయినా రాయి అప్పుడే వేడెక్కి, తడిసిన సున్నపు వాసన గుప్పున లేచింది. లోపల ఫోనులో వార్తలు వస్తున్నాయి. కోస్తాలో తెల్లవారుజామున దట్టమైన పొగమంచు కురుస్తుందని, రాయలసీమలో పగటి ఎండ మామూలు కంటే ఎక్కువగా ఉంటుందని చదువుతున్నారు. చెంబు పట్టుకొని అలాగే నిలబడిపోయాను. ఆ రెండు మాటలూ ఒకే వరుసలో వింటే నాకు యాకోబు ఉపదేశిగారు గుర్తుకు వస్తారు.

బేతంచెర్ల పక్కన మా అత్తగారి పల్లెలో రేకుల కప్పు వేసిన చిన్న గుడి ఉంది. పట్నం నుంచి పాస్టరు అయ్యగారు నెలకొకసారి వచ్చి, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభుబల్ల ఇచ్చి వెళ్లేవారు. తక్కిన రోజుల్లో వాక్యం చెప్పి సంఘాన్ని కాచింది ఉపదేశిగారే. సన్నని మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న రేడియో. ఆదివారం ఆరాధనలో ప్రార్థనకు ముందు ఆయన వాతావరణ సూచన చెప్పేవారు. కోస్తాలో ఏముందో, సీమలో ఏముందో చెప్పి, ముందు కోస్తా వాళ్ల కోసం, తరువాత మన కోసం ప్రార్థించమనేవారు. పత్తికొండ నుంచి కొత్తకోడలిగా వచ్చిన నాకు అది వింతగా తోచింది. మగవాళ్లలో ఒకాయన నవ్వుతూ అన్నాడు కూడా: "ఏం ఉపదేశీ, దేవునికి రేడియో లేదా? నువ్వు చెప్తేనే తెలుస్తాదా ఆయనకి?"

"ఆయనకి కాదప్పా, నేను చెప్పేది మీకి," అన్నారు ఉపదేశిగారు. "ఎవరి కోసం అడుగుతాండామో అడిగేవాళ్లకన్నా తెలియాల గదా."

మా సంఘానికి ఆ రెండు వాతావరణాలూ సొంతమేనని నాకు మెల్లగా అర్థమైంది. సగం మంది గనుల్లో బండలు తీసేవాళ్లు, ఎండ వాళ్ల నెత్తి మీదే ఉండేది. తక్కినవాళ్ల కొడుకులూ భర్తలూ ఆ బండలను లారీల్లో కోస్తాకు తోలేవాళ్లు. నా భర్త ప్రసాదు కూడా అలా తోలేవాడే. ఒక వారం ఉపదేశిగారు నన్ను లేపి ప్రార్థన చేయమన్నారు. నేను ప్రసాదు కోసం, మా నాన్న టమాటా తోట కోసం అడిగి కూర్చున్నాను. ఆరాధన ముగిశాక దగ్గరికి పిలిచి, "బాగా చేస్తివి రూతమ్మా. రోడ్డు మీద నీ మొగుడొక్కడే పోతాండాడా?" అన్నారు. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టుగానే అడిగారు.

మా గుడిలో పాత కట్టుబాటు ఒకటి ఉండేది. బల్ల ఇచ్చే ఆదివారం ఎవరు రాకపోయినా వారి పేరు సంఘం ముందు చదివేవారు. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలంలోని బల్లకు రాకపోవడం ఇంటికే తలవంపు. అందుకని డ్రైవర్లు ఎంత దూరంలో ఉన్నా, నిద్ర మానుకొనైనా ఆ పొద్దుకు ఊరు చేరేవారు. ఆ రోజుల్లోనే ఒక ఏడు శ్రమకాలంలో మొదటి ఆదివారం బల్ల వచ్చింది. ముందురోజు సాయంత్రం మా అత్త సారమ్మ కొడుక్కు ఫోను చేసి, "పేరు చదివిస్తావా నాయనా, నా మొగం యాడ పెట్టుకోవాల?" అంది. ఒంగోలులో బండలు దించి ఖాళీ బండితో తెల్లారకముందే బయలుదేరుతానని ప్రసాదు మాట ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్నే ఉపదేశిగారు మా వాకిట్లోకి వచ్చారు. "ప్రసాదు యాడుండాడు?" అన్నారు. చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. "ఒంగోలు పక్కంతా మంచు శానా ఉండాదంట. ఫోను కలుపమ్మా," అన్నారు. కలిసింది. "ప్రసాదూ, బండి యాడన్నా ఓరగా నిలబెట్టు. మంచు ఇడిసేదాకా కదలొద్దు."

"బల్ల దాటిపోతాది గదా ఉపదేశయ్యా," అంటున్నాడు అవతల.

"బల్ల యాడికీ పోదు. నువ్వొచ్చేదాకా ఉంటాది. నా మాట," అన్నారు. అవతలి నుంచి జవాబు రాకముందే ఫోను తెగిపోయింది. మళ్లీ ఎన్నిసార్లు చేసినా కలవలేదు. ఆగాడో లేదో తెలియదు.

అయ్యగారు వచ్చే వేళకు గుడి నిండింది. రొట్టె, ద్రాక్షరసం తెల్లని గుడ్డ కింద ఉన్నాయి. బల్ల దగ్గరికి పస్తుతో రావడం మావాళ్ల అలవాటు, ఎవరూ మంచినీళ్లు కూడా తాగలేదు. రేకుల నుంచి సెగ దిగుతోంది. ఉపదేశిగారు సంగతి చెప్పి, ఆగమని అడిగారు.

"నాకింకా రెండు సంఘాలున్నాయి ఉపదేశిగారూ," అన్నారు అయ్యగారు.

"ముందు ఆ రెండూ చూసుకొని రాండయ్యా. మేం ఆఖరున తీసుకుంటాం."

"అందాకా వీళ్లంతా ఈ ఎండలో పస్తుంటారా?"

సంఘపెద్ద ఒకాయన లేచాడు. "ఒక్కని కోసం ఇంతమంది ఎండాల్నా? ఇదేం పద్ధతి?"

ఉపదేశిగారు ఆయన వైపు తిరిగారు. "వాడు రాకుంటే పేరు చదువుతాం గదప్పా. పేరు చదవను తీరిక ఉన్నోళ్లం, వాడు వచ్చేదాకా కూర్చోను తీరిక లేనోళ్లమా?"

వెనక నుంచి గనిలో పనిచేసే ఒకామె అంది: "దినామూ గనిలో ఉండేదే గదా. ఈడ నెత్తిన రేకన్నా ఉండాది." కొందరు నవ్వారు. అయ్యగారు కూడా తల ఊపి బండెక్కారు.

ఉపదేశిగారు పిల్లలకూ ముసలివాళ్లకూ నీళ్లు తాగించారు. మా అత్త ముట్టలేదు. తానే కొడుకును మంచులోకి తోలానని ఆమెకు అర్థమైంది. గోడకు ఆనుకొని కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. నేను గుమ్మం వదల్లేదు. పాడేవాళ్లు పాడారు, అలసి ఆపేశారు. ఎండ వాకిలి దాటి లోపలి చాప మీదికి పాకింది. ఆ పూట నేను చేసిన ప్రార్థనలో మాటలే లేవు. "ఆపు ప్రభువా" అన్నదొక్కటే తిరిగి తిరిగి వచ్చింది.

అయ్యగారు మూడో జామున తిరిగి వచ్చారు. ఇక ఎంతసేపని ఎవరూ అడగలేదు. పొద్దు వాలుతుండగా లారీ శబ్దం వినిపించింది. ప్రసాదు కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చి తల్లి పక్కన కూలబడ్డాడు. జరిగింది చెప్పాడు. ఫోను తెగాక టీ కొట్టు పక్కన బండి నిలిపాడట. కాసేపటికి ఒక లారీ తన బండిని దాటి మంచులోకి పోయింది. మంచు విడిచాక బయలుదేరితే, కొంతదూరంలో ఆ లారీ నుజ్జయి కనిపించింది. డ్రైవరు ప్రాణాలతో లేడు. "నేను పోవాల్సిన దారే అది," అన్నాడు.

గుడిలో స్తోత్రాలు లేచాయి. ఉపదేశిగారు చేయెత్తి ఆపారు. "మనోడు వచ్చినందుకు స్తోత్రం చెప్తాం. ఆ పోయిన డ్రైవరు కోసం చూసే ఇల్లు కూడా ఒకటి ఉంటాది గదా యాడనో. సారమ్మా, నువ్వు చెయ్యి ప్రార్థన," అన్నారు.

మా అత్త మోకాళ్ల మీద లేచింది. "తండ్రీ, ఆ తల్లి ఎవరో నాకు తెలీదు," అని మొదలుపెట్టి ఆ మాట దాటలేకపోయింది. మేమంతా ఆమెతో కలిసి ఏడ్చాం. తరువాత అయ్యగారు గుడ్డ తీసి రొట్టె విరిచారు. ఎండిన మా నోళ్లలో అది తొందరగా కరగలేదు.

ఆ తరువాత మా గుడిలో రానివాళ్ల పేర్లు చదవలేదు. ఇంకా దారిలో ఎవరున్నారని ఉపదేశిగారు అడిగేవారు, సంఘం చెప్పేది, బల్ల ఆగేది. కొన్నేళ్లకు ఆయన ప్రభువునందు నిద్రించారు. కోస్తాకు పోయిన డ్రైవర్లందరూ వచ్చి చేరాకే మావాళ్లు ఆయన పెట్టెను భుజానికెత్తుకున్నారు.

ఇప్పుడు స్త్రీల కూటం నేను నడుపుతున్నాను. ఎవరైనా రాకపోతే, ఎందుకు రాలేదన్న ప్రశ్న నా నోట రాదు. ఏమైందో చూసి రావడానికి ఇద్దరిని పంపుతాను, లేదా నేనే వెళ్తాను. మాకోసం అడుక్కునే ముందు, పేరు తెలియని ఆ డ్రైవరు ఇంటి కోసం ప్రార్థిస్తాను. ఆయన పిల్లలు ఈపాటికి పెద్దవాళ్లై ఉంటారు. ఇది చదివే మీరు కూడా, ఉన్నచోటే ఒక్క నిమిషం కళ్లు మూసుకొని నాతో కలవండి. తండ్రీ, ఆ ఇంటిని నీ చేతుల్లో ఉంచుకో. ఆ తల్లికి నీవే తోడుండు. ఆమేన్.