పోచమ్మ వాడలో పొక్కని టీకా

1957 వేసవి. హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి ఆరు నెలలైనా, మంథని ఎండకు ఆ కబురు అందినట్టు లేదు. నిజాం కాలంలో కాసినట్టే కాస్తోంది. నేను అప్పుడు ఆ ఊళ్లో వ్యాక్సినేటర్‌ని, అంటే మశూచి రాకుండా టీకాలు వేసే ఉద్యోగిని. వయసు ఇరవై మూడు. బరువు ఒక మేకంత, అందులో సగం సర్కారు ఇచ్చిన తోలుసంచీది. నన్ను చూసి పిల్లలు గోదావరి అవతలి గట్టుదాకా ఈదుకుంటూ పోయేవారంటే మీరు నమ్మరు గాని, గాదెల్లో దూరి దాక్కునేవారన్నది మాత్రం వట్టి నిజం.

పిల్లల తప్పు లేదు. మా ఆయుధం పేరు లాన్సెట్. చిన్న ఇనుప కడ్డీ, దాని కొసన పళ్లున్న బిళ్ల. చేతి మీద లింఫ్ చుక్క వేసి, ఆ బిళ్లను అదిమి గిర్రున తిప్పాలి. లింఫ్ అంటే టీకా మందు. సన్నటి గాజు గొట్టాల్లో, ఐసులో పెట్టి పంపేవారు. వేడి తగిలితే చచ్చిపోతుంది. మందు పట్టితే వారానికి ఆ చోట పొక్కు లేస్తుంది. దాన్ని మేం ‘టేక్’ అనేవాళ్లం. ఎనిమిదో రోజు మళ్లీ ఇల్లిల్లూ తిరిగి చేతులు చూసి, రిజిస్టర్లో టేక్ గడి నింపాలని నియమం. ఆ ఎండలో ఒకే గడప రెండుసార్లు తొక్కడం ఎవరికి ఇష్టం? నీడన కుర్చీ వేసుకుని నింపేవాణ్ని. ఒక నెల నా రిజిస్టర్లో టీకా వేయించుకున్నవాళ్ల కంటే పొక్కు లేచినవాళ్లే ఎక్కువ తేలారు.

ఊరి చివర పోచమ్మ వాడ మాత్రం ఆ రిజిస్టర్లో తెల్లగా ఉండేది. అక్కడ మశూచిని జబ్బు అనరు. తల్లి ఇంటికొచ్చింది అంటారు. గడపకు వేపమండలు కట్టి, గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ వాడకు పెద్దదిక్కు కుమ్మరి సాయవ్వ. పోచమ్మ గుడి ఊడ్చి దీపం పెట్టేది ఆమే. ఎవరింటికి తల్లి వచ్చినా వేపాకు, పసుపు పట్టుకుని వెళ్లి మంచం పక్కన కూర్చునేది ఆమే. చిన్నప్పుడే మశూచి వచ్చి బతికిన మనిషి, ముఖం నిండా మచ్చలు. గొంతు ఎలాంటిదంటే, గుడి దగ్గర ఆమె దగ్గితే బస్టాండులో పెద్దపల్లి బస్సు ఒక్క క్షణం ఆలోచించి కదిలేది.

మొదటిసారి వెళ్లినప్పుడు నన్ను కిందినుంచి మీదికి చూసింది. అందుకు ఎక్కువసేపు పట్టలేదు.

“ఏం సారూ, తల్లి మీదికి పోలీసోని లెక్క వచ్చినవ్?”

“తల్లి మీదికి కాదవ్వా. పిల్లల కోసం వచ్చిన.”

“సంచి గంత ఉన్నది, మనిషివి గింతే ఉన్నవ్. అన్నం తిన్నవా?”

ఏడుసార్లు వెళ్లాను. ఏడుసార్లూ జొన్నరొట్టె పెట్టింది, ఒక్కసారీ వాడతో చెయ్యి చాపించలేదు. కాని నా ఉద్యోగం నాకు నేర్పింది ఆ ఏడుసార్లే. నేను తల్లుల ముందు నిలబడి ఉపన్యాసం చెబుతుంటే వెనకనుంచి అనేది: “కూసొని మాట్లాడు సారూ. నిలవడితె దావత్‌కు పిలవొచ్చినట్టున్నది. పిల్ల మొకం సూడు, చెయ్యి తర్వాత సూడొచ్చు.” శిక్షణలో ఎవరూ చెప్పని మాట. ఇవాళ్టికీ నేను కూర్చునే మాట్లాడతాను.

సాయవ్వ ఇంట్లో ఆమె మనవరాలు లచ్చి ఉండేది. నాలుగేళ్లు. తల్లి పురిట్లోనే పోయింది, తండ్రి బొగ్గుబాయిలో పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. నా దగ్గరకు వచ్చిన ఒకే ఒక్క పిల్ల అది. లాన్సెట్ తిప్పడం చూపించమని అడిగేది, నాకు ‘గిర్రసారు’ అని పేరు పెట్టింది.

ఎనిమిదోసారి సాయవ్వే అంది: “మంగళారం రా. వాడంత గుడి ముందల ఉంటది. ముందుగాల నా చెయ్యికే గియ్యి. కని సారూ, లచ్చికి మంచిగ పట్టాలె. నాకు గా ఒక్క పిల్లనే ఉన్నది.”

“నాది పూచీ,” అన్నాను. టీకా వేశాక చేతికి పసుపు, వేపాకు పూయొద్దని, పూస్తే మందు చస్తుందని పదిసార్లు చెప్పాను.

మంగళవారం లింఫ్ పెద్దపల్లి బస్సులో రావాలి. పొద్దున రావలసిన బస్సు మధ్యాహ్నం దాటాక వచ్చింది. డ్రైవర్ గఫార్ భాయ్ మంచివాడు, నా కోసం బస్సు దిగి మరీ ఎదురొచ్చాడు.

“సారు, దారిల ఇంజన్ ఉడికింది. రేడియేటర్ల పోద్దామంటె చుట్టుముట్టు సుక్క నీళ్లు లేవు. మీ డబ్బాల ఐసు కరిగి సల్లటి నీళ్లుండె, గవే పోసిన. జర ఫికర్ చెయ్యకుండ్రి, మీ సీసాలు పైలంగనే ఉన్నయ్.”

అని, చెమటకు తడిసిన చొక్కా గుండెజేబులోంచి గాజు గొట్టాల కట్టను తీసి, చంటిపిల్లను అందించినట్టు రెండు చేతులతో ఇచ్చాడు. ఒక్కటీ పగల్లేదు. అన్నీ వెచ్చగా ఉన్నాయి.

వాటిని పారేయాలి. నాకు తెలుసు. గుడి ముందు అరవైమందికి పైగా పొద్దుటినుంచి కూర్చుని ఉన్నారు. ఇవాళ వద్దు, పొండి అంటే ఈ వాడ మళ్లీ జన్మలో చెయ్యి చాపదనుకున్నాను. గొట్టాన్ని ఎండకు పట్టి చూశాను. మందు రంగు బాగానే ఉంది. చచ్చిన మందు రంగు కూడా అంతే బాగుంటుందని కూడా నాకు తెలుసు. సాయవ్వ చెయ్యి చాపింది. గీశాను. రెండో చెయ్యి లచ్చిది. అది ఏడవలేదు, బిళ్ల తిరగడం చూస్తూ నవ్వింది. మిగిలిన గొట్టాలతో సాయంత్రం తాసిల్ ఆఫీసు ఇళ్లలో పిల్లలకు వేశాను.

ఆ ఎనిమిదో రోజు కుర్చీలో కూర్చోలేకపోయాను. వాడకు వెళ్లాను. ఒక్క చేతికీ పొక్కు లేదు. కాని చూసిన చేతికల్లా పసుపూ వేపాకూ ఎండి పెచ్చు కట్టి ఉంది. పది చేతులు చూసి అక్కడితో ఆపేశాను. మీకు నిజం చెబుతున్నాను, ఆ పసుపు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు వెయ్యడానికి చోటు దొరికింది.

గుడి ముందు నిలబడి, నలుగురూ వినేటట్టు అరిచాను. “మందును సంపింది నీ పసుపే అవ్వా. పుయ్యొద్దని చెప్పిన్నా లేదా?”

సాయవ్వ ఒకసారి గుమిగూడిన వాడను చూసి, నా వైపు తిరిగింది.

“చెప్పినవ్ సారూ. వాడకు పసుపు అలవాటు జేసింది నేనే. తప్పు నాదే.”

కొత్త లింఫ్ కావాలని పై ఆఫీసుకు రాశాను. అది రావడానికి నెల పట్టింది. ఈలోపల తల్లి పోచమ్మ వాడకు వచ్చింది. నాలుగిళ్లలో వేపమండలు కట్టారు. నాలుగో ఇల్లు సాయవ్వది. లచ్చి తొమ్మిది రోజులు ఉంది. నేను రోజూ వెళ్లి వాకిట్లో నిలబడేవాణ్ని, లోపలికి పోలేకపోయేవాణ్ని. తొమ్మిదో రోజు పొద్దున సాయవ్వ బయటికొచ్చి, “ఇగ పో సారూ, పని చూసుకో,” అంది.

సాయవ్వ పసుపే మనవరాలిని మింగిందని వాడ అనుకుంది. తల్లి వచ్చిన ఇళ్లవాళ్లు ఆమెను పిలవడం మానేశారు. గుడి ఊడ్చే చీపురు ఇంకొకామె చేతికి పోయింది.

కొత్త లింఫ్‌ను నేనే పెద్దపల్లి పోయి ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఈసారి వాడ దానంతటదే చెయ్యి చాపింది. ఎవరూ పసుపు పూయలేదు. అందరికీ పొక్కులు లేచాయి. సంతోషంగా రిజిస్టర్ నింపుతుంటే తాసిల్ ఆఫీసు గుమాస్తా వచ్చి అన్నాడు: “మరి మా పిల్లగానికి గప్పుడు ఏం లేవలేదేంది? నీళ్లు గూడ తగలనియ్యలేదు మేము.”

పసుపు వల్లనేమో అన్న అనుమానపు ముసుగు కూడా అక్కడితో పోయింది. సాయవ్వ ఇంటికి నడిచాను. ఆమె వాకిట్లో పచ్చి కుండను సలప అనే చెక్కతో తడుతోంది.

“అవ్వా, పసుపు కాదు. మందే సచ్చి ఉండె. నాకు గా రోజే ఎరుక.”

సలప ఆగలేదు. “నాకూ ఎరుకే.”

“నీకెట్ల ఎరుక?”

“లచ్చి చెయ్యికి నేను పసుపు పుయ్యలే. నువ్వొద్దన్నవని కొంగు గూడ తగలనియ్యలే. గయినా లేవలే. నువ్వు దాని చెయ్యి సూడనే లేదు గద.”

చూడలేదు. పది చేతుల్లో ఆ చెయ్యి లేదు.

“మరి తప్పు నాదని ఎందుకన్నవ్?”

“మందు ఉత్తదంటె వాడ మల్ల చెయ్యి చాపుతుండెనా బిడ్డా? ముసల్దాన్ని. నా మాట పోతె పోయింది.”

నేను ఆ సాయంత్రమే గుడి ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాను. వాడ పెద్ద రాజయ్య ఓపికగా విని, “సాయవ్వను ఎనకేసుకొస్తున్నవ్ సారూ,” అన్నాడు. “పసుపు పూస్తె లేవలే, పుయ్యకపోతె లేచినయ్. కండ్లతోని సూస్తిమి గద.” ఇంకొకాయన, “సారు మాటలు మనకు తెల్వనియా, గోరంత ఉంటె గోదారంత చెప్తడు,” అన్నాడు. అందరూ నవ్వారు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన మొదటిసారి అది. తర్వాత రెండేళ్లు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతూనే ఉన్నాను. మూడో ఏడు చలికాలంలో సాయవ్వ పోయింది. అప్పటికీ గుడి చీపురు ఆమె చేతికి రాలేదు.

ఇప్పుడు నా చేతికింద కుర్ర వ్యాక్సినేటర్లు ఉన్నారు. ఎనిమిదో రోజు ఎండన పడి వచ్చి, “పొక్కు లేవలేదు సార్, జనం ఏదో పూసినట్టున్నారు,” అంటారు. జనం సంగతి తర్వాత, మందు ఏ బండిలో వచ్చిందో, ఎంతసేపు ఎండలో ఉందో ముందు అది రాయమంటాను. ఒక్క చెయ్యి కూడా వదలకుండా చూశావా అని అడుగుతాను.

ఈ పదేళ్లలో నాలుగు ఊళ్లలో నేను జనం ముందు నిలబడి, “ఇవాళ మందు చెడిపోయింది, ఇళ్లకు పొండి,” అన్నాను. నాలుగు ఊళ్లూ నన్ను తిట్టిపోశాయి. మరుసటి వారం వెళితే నాలుగు ఊళ్లూ చెయ్యి చాపాయి.

ఆ మంగళవారం అదే మాట అని ఉంటే పోచమ్మ వాడ కూడా చాపేది.