మా చానల్‌కు చందా కట్టిన ఊరు

మూడు జిల్లాలకు కలిపి ఒక టీవీ చానల్ పెట్టడానికి ఏమేం కావాలో రాసుకురమ్మంటే, నాలుగు రోజులు కూర్చుని నలభై మూడు అంశాల జాబితా తయారుచేశాను. కెమెరాలు, మైకులు, లైట్లు, ఎడిటింగ్ కంప్యూటర్లు, వనపర్తిలో స్టూడియో, గద్వాలలోనూ నాగర్‌కర్నూల్‌లోనూ చెరో చిన్న గది, మా సిగ్నల్‌ను కేబుల్ ఆపరేటర్ల దాకా చేర్చే లైను. ఇలాంటివి ముప్పై. మిగతా పదమూడు వేరే రకం. కరెంటు బిల్లు, జనరేటర్‌లోకి డీజిల్, వ్యాను డ్రైవర్ జీతం, మా చానల్‌ను చూపించడానికి కేబుల్ ఆపరేటర్లు అడిగే నెలవారీ రుసుము వగైరా.

మా పెద్దసారు ఎర్ర సిరా పెన్ను తీసి ఆ పదమూడూ కొట్టేశారు.

"ఇది కొనుగోళ్లకు వచ్చిన మంజూరు. వస్తువులకే పైసలిచ్చిన్రు. కరెంటు వస్తువా?"

"డీజిల్ వస్తువే కద సార్?"

"కాలిపోతది కదయ్యా. కాలిపోయేది ఆస్తి ఎట్లయితది?"

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. సర్క్యూట్ అంతా చక్కగా గీసి, దానికి కరెంటు ఎక్కడినుంచి వస్తుందో గీయడం మరిచిపోయిన విద్యార్థికి మా కాలేజీలో సున్నా వేసేవాళ్లు. ఇక్కడ అలాంటి జాబితా మీద సంతకం పెట్టి పైకి పంపించారు. చానల్ పెట్టేది ప్రభుత్వమని ప్రతి కాగితంలోనూ ఉంది. పెట్టిన మర్నాటి నుంచి నడిపేది ఎవరో ఏ కాగితంలోనూ లేదు. అడిగితే "అది తర్వాత చూసుకుందాం" అనేవాళ్లు. ఆ మాట ఎవరెవరు అన్నారో నా నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టి, తొమ్మిదో మనిషి దగ్గర మానేశాను.

చానల్ మొదలయ్యే ముందు జిల్లాకొక అవగాహన సభ పెట్టాం. నాగర్‌కర్నూల్ సభలో మన్ననూర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి, "మా కాడ ఫోన్లకే సిగ్నల్ ఉండది. చానల్ వచ్చినంక యాడికొచ్చి చూడాల్నో గది గూడ చెప్పుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను రాసుకున్నాను.

గద్వాల సభకు కుర్చీలు నిండటం కోసం వడ్డేపల్లి వైపు నుంచి మహిళా సంఘాల వాళ్లను రెండు వ్యాన్లలో తీసుకొచ్చారు. మా పెద్దసారు బాగా మాట్లాడతారు. ఆ రోజు ఇంకా బాగా మాట్లాడారు.

"ఇది మా చానల్ కాదు, మీ చానల్. మీ పైసలతోని నడిచే చానల్. ఇందులో ఏం రావాల్నో చెప్పే హక్కు మీదే!"

చప్పట్లు మోగాయి. అవి ఆగాక మూడో వరుసలోంచి యాభై ఏళ్ల ఆమె ఒకరు లేచారు. తమ ఊరి సంఘానికి అధ్యక్షురాలినని చెప్పుకున్నారు.

"సారూ, మా పైసలంటున్నరు. ఇంటికెంత?"

పెద్దసారు నవ్వారు. "ఎంతిచ్చినా మీ చానలే అమ్మా!"

మళ్లీ చప్పట్లు. ఆమె మాత్రం కొట్టలేదు. పక్కనున్న ఆమెతో ఏదో అంటూ కూర్చున్నారు. పన్ను కట్టినవాళ్లందరిదీ అని మా సారు ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని ఆయన తన దగ్గరే ఉంచుకున్నారు.

పది రోజుల తర్వాత ఆమె, ఇంకొకామె రెండు బస్సులు మారి వనపర్తిలో మా ఆఫీసుకు వచ్చారు. గుడ్డసంచిలోంచి సంఘం తీర్మానాల పుస్తకం, డబ్బు తీసి నా టేబుల్ మీద పెట్టారు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక అక్కడే కూర్చుని చేసిన తీర్మానం. ఇంటికి ఇరవై చొప్పున ముప్పై ఒక్క ఇల్లు, ఆరువందల ఇరవై రూపాయలు, మూడు జిల్లాల చానల్‌కు చందా. కింద ముప్పై ఒక్క సంతకాలు, వేలిముద్రలు. నా జాబితాలకన్నా శుభ్రంగా ఉంది.

"రశీదు రాయుండ్రి సారూ. బస్సుంది మాకు" అన్నారు.

లెక్కలు చూసే సారు పక్క టేబుల్ మీంచి తల ఎత్తారు. "చందాలు తీసుకోమమ్మా మేం. ఏ పద్దు కింద రాయాలె?"

"పద్దు లేకుంటె పెట్టుండ్రి. మేం సంఘంల పెట్టుకోలేదా? పెండ్లికి అప్పని ఒకటి, దవాఖానకని ఒకటి."

"గట్ల పెట్టనీకె రాదమ్మా. పైనుంచి రావాలె."

"మీ పెద్దసారే చెప్పిండు గద, మా పైసలని. పైనున్నోడు ఆయన గాదా?"

"ఇంకా పైన."

ఆమె నా వైపు తిరిగారు. "ఇంకెంత పైనుంటరు బిడ్డా మీరు? మాకు కనవడనే కనవడరు."

ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. వాళ్ల ఊరి పొలాలు కాలువ చివరి తూము కింద ఉన్నాయి. నీళ్లను వంతుల వారీగా వదులుతారు. చివరి తూముకు వంతు వస్తే రెండే రోజులు. అది ఏ రోజో వీళ్లకు ఎవరూ చెప్పరు. తూములు చూసే లష్కర్‌కు ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తినా సగం సార్లు అతనికీ తెలియదు. వాట్సాప్ గ్రూపు ఉందిగానీ అందులో గుడ్‌మార్నింగ్ పూల బొమ్మల మధ్య వంతుల కాగితం ఎప్పుడు వచ్చి పోతుందో తెలియదు.

"పోయినేడు మా తూముకు నీళ్లిడిచిన దినం ఊరంత పత్తి ఏరనీకె పక్క మండలం పోయినం. మల్ల వచ్చేసరికి నీళ్లన్ని పోయి వాగుల కలిసినయి. పల్లి బుడ్డలు ఊడలు దిగే టయం. చెట్టు పీకితే ఏముంది? అన్ని లొట్టలే, లోపల గింజ లేదు. ఆ పంటకు తెచ్చిన అప్పుకే మా పెద్దోడు బొంబాయి పోయిండు. ఈయేడు గూడ గట్లనే అయితే చిన్నోడు పోతడు. డిగ్రీల ఉన్నడు వాడు."

"చానల్ ఏం చెయ్యాలమ్మా?"

"టీవీల కింద పట్టీ ఉరుకుతది చూడు. పొద్దుగూకినంక ఏ తూముకు ఎప్పుడో దాంట్ల రాస్తే చాలు. నీళ్లియ్యుమంటలేం మిమ్మల్ని. చెప్పుమంటున్నం."

స్క్రీన్ కింద కదిలే ఆ పట్టీ నా పనే. అందులో ఒక వాక్యం చేర్చడానికి పట్టే సమయం రెండు నిమిషాలు. అందుకే నాకు అంత కోపం వచ్చింది. కష్టమైన పని అయితే కాదనడానికి ఒక కారణమైనా ఉండేది.

లెక్కల సారు డబ్బు వెనక్కి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. తీర్మానం సిరాతో రాశారట, డబ్బు తిరిగి తీసుకెళ్తే మళ్లీ ముప్పై ఒక్కమందిని కూర్చోబెట్టి ఇంకో తీర్మానం రాయాలట. "రశీదు రాసినప్పుడే రాయుండ్రి" అని వెళ్లిపోయారు. ఆరువందల ఇరవై రూపాయలను ఒక కవర్లో వేసి నా సొరుగులో పెట్టాను. మా చానల్‌కు నడపడం కోసమంటూ ఎవరైనా ఇచ్చిన డబ్బు అప్పటికి అదొక్కటే.

పట్టీ విషయం పెద్దసారును అడిగాను.

"పట్టీ ఖాళీ లేదు. ప్రారంభం రోజు శుభాకాంక్షలు పోవాలె."

శుభాకాంక్షలు చెప్పినవారు అరవై నాలుగు మంది. ఒక్కొక్కరికి ఎనిమిది సెకన్లు. ఒక చుట్టు తిరగడానికి ఎనిమిది నిమిషాల ముప్పై రెండు సెకన్లు. లెక్క వేసి చూపించి, పది పేర్లకొకసారి ఒక్క వాక్యం పెడితే ఎవరికీ నష్టం లేదన్నాను.

"వాళ్లు ఫోన్ చేసి అడుగుతరయ్యా, మా పేర్ల నడుమ తూములేంది అని."

"సార్, గద్వాలలో మీరే చెప్పిన్రు కద, ఏం రావాల్నో చెప్పే హక్కు వాళ్లదని."

"సభల చెప్పిన మాటను ఆఫీసుకు మోసుకొస్తరా ఎవరన్న?" అన్నారు. కానీ వద్దని అనలేదు. వద్దని రాతలో లేనిది వద్దు కాదని ఈ ఉద్యోగంలోనే నేర్చుకున్నాను.

వంతుల కాగితం గద్వాలలోని కాలువల ఆఫీసు నోటీసు బోర్డు మీద ఉంది. అధికారికంగా కావాలంటే లేఖ రాయమన్నారు. లేఖ రాస్తే, మీకు ఇవ్వొచ్చో లేదో పైకి రాస్తామన్నారు. బోర్డు ముందు నిలబడి నా ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను. చివరి తూముకు వంతు మా ప్రారంభం అయిన ఆరో రోజున.

ప్రారంభం బ్రహ్మాండంగా జరిగింది. శాలువాలు కప్పారు, జ్యోతి వెలిగించారు. జనరేటర్‌లో డీజిల్ ఎవరు పోయించారో నాకిప్పటికీ తెలియదు. పదో పేరు తర్వాత పట్టీ మీద తూముల వంతు పోయింది. ఎవరూ ఫోన్ చేసి అడగలేదు. అరవై నాలుగు మందిలో ఎవరూ చూడలేదేమో.

మరునాడు పొద్దున ఆమె ఫోన్ చేశారు.

"బిడ్డా, మా టీవీల నీ చానలే లేదు. అంత వెతికినం. వంటల చానల్ వస్తది, చీరెలమ్మే చానల్ వస్తది, మనది రాదు."

నా జాబితాలో ఎర్రగీత పడ్డ అంశాల్లో కేబుల్ రుసుము ఒకటి. వాళ్ల ఊరికి కేబుల్ ఇచ్చే ఆపరేటర్‌కు ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాడు.

"పెడ్తనన్నా. ఎవరు కడ్తరు?"

"సర్కారు."

"సర్కారుల ఎవరు?"

నోటుబుక్కు తీసి, తర్వాత చూసుకుందామన్నవాళ్ల పేర్లన్నీ తిరగేశాను.

"నీక్కూడ తెల్వదు గదా. తెలిసినంక ఫోన్ చెయ్యన్నా" అని పెట్టేశాడు.

ఆ మాటే ఆమెకు చెప్పాను. మా ఆఫీసు తరఫున క్షమించమన్నాను. ఆమె క్షమాపణ జోలికి పోలేదు. "నెలకెంత కడ్తున్నమో వానికి తెల్సు గద" అన్నారు, అంతే. సాయంత్రం ఆపరేటరే నాకు ఫోన్ చేశాడు. గొంతులో మర్యాద తగ్గింది.

"ఏందన్నా, ఆడోల్లను తోలినవ్? పదిహేను మంది వచ్చి షాపుల కూసున్నరు. పెట్టకుంటె ఈ నెల ముప్పై ఒక్క ఇల్లు కేబుల్ బందంటున్నరు. నీ సిగ్నల్ లైనేదో చెప్పు, పెడ్త."

పెట్టాడు. మూడు జిల్లాల చానల్‌కు చివరి మైలు ఖర్చు ఎవరు భరించారో అలా తేలింది. పన్ను కట్టినవాళ్లే కేబుల్‌కూ కట్టారు. వాళ్లే చందా కూడా వేశారు. ఇంత స్పష్టమైన జవాబును ఏ ఫైల్లో రాయాలో మాత్రం నాకు తెలియలేదు.

ఆరో రోజు వచ్చింది. ఊరంతా కూలికి పోకుండా ఆగిపోయారు. పారలు పట్టుకుని పొద్దున్నే తూము దగ్గర నిలబడ్డారు. పది గంటలకు ఆమె ఫోన్.

"బిడ్డా, నీళ్లు యాడున్నయి?"

"రాలేదా అమ్మా?"

"వస్తే నీకెందుకు చేస్త? ముప్పై ఇండ్లోల్లు ఒక దినం కూలి పోగొట్టుకొని కాలువల బురద చూస్తున్నరు. నీ పట్టీ నమ్మి."

వెనక ఎవరో మగమనిషి గొంతు వినిపించింది: "టీవీల చూసి దున్నుతరా ఎవరన్న? నేన్ జెప్పలే?" ఆమె అతన్ని కసిరారు గానీ, నాకు వినపడాల్సింది వినపడింది.

గద్వాల ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడి గుమాస్తా తాపీగా చెప్పాడు. పైన ఎక్కడో గండి పూడుస్తున్నందున వంతు నాలుగు రోజులు వెనక్కి జరిగిందట. "కొత్త కాగితం బోర్డు మీద పెట్టినం కద సార్, మొన్ననే."

తప్పు వాళ్లది అనాలనిపించింది. నిజానికి తప్పు నాది. ఒకసారి ఫోటో తీసి అది శాశ్వతమనుకున్నాను. రోజూ మారే కొలతను రోజూ కొలవాలని నేను చదువుకున్నదే. కెమెరాలు కొని కరెంటు సంగతి మరిచిన మా వాళ్లకూ నాకూ ఆ రోజు పెద్ద తేడా లేదు.

ఆమెకు ఫోన్ చేసి కొత్త తేదీ చెప్పాను. తప్పు నాదేనన్నాను. "మారేదుంటె మారిందని గూడ రాయాలె గద" అన్నారు. నిజమే. మర్నాటి నుంచి రోజూ పొద్దున తొమ్మిదింటికి గుమాస్తాకు నేనే ఫోన్ చేస్తున్నాను. నా సొంత ఫోన్, నా సొంత రీచార్జి. మొదట్లో విసుక్కున్నాడు. మూడోరోజు నేను హలో అనకముందే, "మారలే సార్, రేపే" అన్నాడు.

ఆ రేపు కూలికి పోకుండా ఆగాలా వద్దా అని ఊళ్లో గొడవ పడ్డారట. సగం మంది పోయారు, సగం మంది ఆగారు. నేను ఎడిటింగ్ గదిలో ఉన్నానేగానీ ఒక్క బొమ్మా చూడలేదు. ఫోన్ టేబుల్ మీద, నా కళ్లు ఫోన్ మీద. పదకొండున్నర దాటాక మోగింది.

"వచ్చినయ్ బిడ్డా. మోకాలి మట్టం. కూలికి పోయినోల్ల పొలాలకు గూడ మేమే మళ్లిస్తున్నం."

"మంచిదమ్మా" అన్నాను.

"మంచిదే. మరి రశీదు ఎప్పుడిస్తవ్?"

లెక్కల సారును మళ్లీ అడిగాను. పద్దు రాలేదన్నారు. పెద్దసారును అడిగాను, తర్వాత చూసుకుందామన్నారు. సాయంత్రం ఒక తెల్లకాగితం తీసుకుని, ముప్పై ఒక్క ఇళ్ల నుంచి చానల్ కోసం ఆరువందల ఇరవై రూపాయలు ముట్టాయని, అవి నా సొరుగులో భద్రంగా ఉన్నాయని రాసి, కింద నా పేరు పెట్టి సంతకం చేశాను. అది నా ఉద్యోగానికే ఎసరు పెడుతుందని లెక్కల సారు హెచ్చరించారు. ఫోటో తీసి ఆమె ఫోన్‌కు పంపాను.

అయిదు నిమిషాలకు ఫోన్ వచ్చింది. డిగ్రీ చదివే చిన్న కొడుకు చదివి వినిపించినట్టున్నాడు.

"అంత బాగనే రాసినవ్ గానీ, ఆఫీసు ముద్ర ఏది బిడ్డా? ముద్ర లేకుంటె సంఘంల చెల్లదు."