తిప్ప మీద ఆమేన్

మొన్న శనివారం సాయంత్రం చర్చి ఆవరణలో కుళాయి దగ్గర పిల్లలు చెప్పులు కడుక్కుంటుంటే ఆ బురద వాసన వచ్చింది. ఉప్పు, కుళ్ళిన మడ ఆకు, పీతల కలుగులు కలిసిన వాసన. అది ముక్కుకు తగిలితే ఇప్పటికీ కాళ్ళ కిందికి నీళ్ళొచ్చాయేమోనని చూసుకుంటాను. కరకట్ట మీద వాళ్ళను నడిపించి తీసుకొచ్చింది నేనే. నా పదో ఏట నన్ను నడిపించింది యోహాను మేష్టారు.

మా ఊరు దివిసీమలో, నాగాయలంక దాటాక సముద్రానికి దగ్గరలో. మేష్టారు బడిలో రిటైరయ్యాక సండే స్కూలు చూసేవారు. వేసవి సెలవుల్లో పది రోజుల తరగతులు అయ్యాక, ఆఖరి రోజు పిల్లలందరినీ వెంటబెట్టుకుని సముద్రం వైపు బయలుదేరేవారు. ఒకరు జంతికల మూట, ఒకరు మంచినీళ్ళ బిందె మోస్తుంటే, దారిలో ఎవరో కొట్టించి ఇచ్చిన ముంజల నీళ్ళు మోచేతుల దాకా కారుతుంటే, ఆయన తెల్ల లాల్చీ వెనకాలే పోయేవాళ్ళం. ఏ చెట్టునీ ఊరికే దాటనిచ్చేవారు కాదు. ఒక తాటిచెట్టు దగ్గర చేతికర్ర పైకెత్తి, డెబ్బై ఏడు నాటి ఉప్పెన నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయో, ఆ మట్టలు పట్టుకుని ఎవరు బతికారో చెప్పేవారు. బురదలోంచి మేకుల్లా లేచిన మడ వేళ్ళు చూపించి, ఆ చెట్టు వాటితోనే ఊపిరి తీసుకుంటుందనేవారు.

ఆఖరి మజిలీ తిప్ప, సముద్రం అంచున చిన్న మెరక. ఉప్పెనకు ముందు మా పాత చర్చి అక్కడే ఉండేది. పునాది రాళ్ళు మిగిలాయి. అక్కడికి వెళ్ళాలంటే ఉప్పునీటి పాయ దాటాలి. ఆటు వేళ మోకాలి లోతు, పోటు వేళ పెద్దవాళ్ళకూ గుండెల దాకా. అందుకని మేష్టారు తిప్ప అంచున తన కర్ర పాతి, దానికి కట్టిన ఎర్రగుడ్డను నీళ్ళు తాకేలోపు వెనక్కి రావాలనేవారు.

ఆ ఏడు ఆలస్యమైంది. తప్పు మాదే, బురద మీద గెంతే చిన్న చేపలను ఇంకాసేపు చూస్తామని బతిమాలాం. పాయ దగ్గర పీతలు పట్టే నాంచారమ్మ ఎదురైంది.

"మేష్టారండీ, ఇయ్యాల అమావాస్య పోటండీ, గబాల్న ఎక్కేసుద్ది. పిల్లల్ని తీసుకుని ఎనక్కెళ్ళిపొండి."

"రెండు మాటలు ప్రార్థన చేసుకుని వచ్చేస్తాం అక్కా."

"మీ రెండు మాటలు నాకు తెలీదా ఏంటండీ! అయ్యేలోపు నా బుట్ట నిండిపోద్ది," అని నవ్వింది కానీ వెళ్ళిపోలేదు.

మేము చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించం. వాళ్ళను మాకిచ్చినందుకు దేవుణ్ణి స్తుతిస్తాం. ఉప్పెన రోజు ఆ చర్చిలో తలదాచుకుని తిరిగిరానివాళ్ళు పదకొండు మంది. మేష్టారు ఒక్కొక్క పేరే చెప్పి, ఆ మనిషి ఎలా పాడేదో, ఏ కూర బాగా వండేదో దేవుడికి విన్నవించుకునేవారు. ప్రతి పేరుకీ మేము "స్తోత్రం" అనాలి. వరస ఎప్పుడూ ఒకటే. ఆఖరి పేరు మేరీ, ఆయన కూతురు. ఆమేన్ వినపడేదాకా కళ్ళు తెరవకూడదు. తెరిస్తే దేవుడి ముందు నుంచి లేచి వెళ్ళిపోయినట్టేనని ఆయనే నేర్పారు.

ఆ రోజు కూడా పాయ దాటి పునాది రాళ్ళ మధ్య నిలబడి మొదలుపెట్టాం. ఆరో పేరు దగ్గర నా కాలివేళ్ళ మధ్య చల్లగా తగిలింది. కళ్ళు తెరిచాను. ఎర్రగుడ్డ లేదు. కర్ర పిడి ఒక్కటే నీళ్ళ మీద ఊగుతోంది. అవతలి ఒడ్డున నాంచారమ్మ రెండు చేతులూ ఊపుతోంది. సముద్రపు గాలి ఆమె కేకను ఊరి వైపే తోసుకుపోతోంది. నా పక్కన ఆరేళ్ళ చెల్లెలు రూతు, కళ్ళు బిగించి మూసుకుని, స్తోత్రం అంటోంది. ఏడు. ఎనిమిది. మేష్టారి చెంపలు తడిసి ఉన్నాయి. ప్రార్థన మధ్యలో అరిస్తే పాపం. అరవకపోతే రూతు ఆ పాయ దాటలేదు. తొమ్మిది. పదో పేరు మొదలైంది. ఆ ముసలాయన గురించి మేష్టారు ఎప్పుడూ చాలాసేపు చెబుతారు. ఊపిరంతా కూడదీసుకుని "ఆమేన్!" అన్నాను.

పిల్లలందరూ అలవాటు కొద్దీ ఒక్క గొంతుతో "ఆమేన్" అని కళ్ళు తెరిచారు.

మేష్టారు నీళ్ళను చూశారు. రూతును భుజాన వేసుకున్నారు. మిగతావాళ్ళం ఒకరి మణికట్టు ఒకరం పట్టుకుని దిగాం. నడుము, పొట్ట, నాకైతే మెడ దాకా. నాంచారమ్మ పాయ మధ్యకు వచ్చి నిలబడి, "నా కొంగు ఒదలమాకండర్రా! కాళ్ళు ఈడ్చుకుంటా రండి!" అని అరుస్తూ ఒక్కొక్కరినే అవతలికి లాగింది. ఒడ్డున లెక్కపెడితే అందరం ఉన్నాం.

"ఆమేన్ ఎవరన్నారు?" అన్నారు మేష్టారు.

చెయ్యి ఎత్తాను.

"నా మేరీ పేరు మిగిలిపోయిందమ్మా."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే మరీ భయమేసింది.

"పిల్ల అరవబట్టి బతికారు," అంది నాంచారమ్మ కొంగు పిండుకుంటూ. "మీరు చెబితేగానీ మీ దేవుడికి మేరమ్మ తెలీదా ఏంటండీ?"

మేష్టారు నా తల మీద తడి చెయ్యి పెట్టి, "వచ్చే ఏడు పేర్లు నువ్వు చెప్పు. నేను నీళ్ళు చూస్తా," అన్నారు.

ఆ ఆమేన్ దేవుడే నా నోట పెట్టాడని నమ్ముతాను. ప్రభువు తాను పట్టుబడిన రాత్రి తోటలో తన శిష్యులను ప్రార్థించమని మాత్రమే అనలేదు, మెలకువగా కూడా ఉండమన్నాడు.

ఇప్పుడు తిప్ప లేదు. పాయ కోసుకుంటూ పోయి పునాది రాళ్ళను కూడా మింగింది. తాటిచెట్టు ఉన్నచోట రొయ్యల చెరువు. మేష్టారూ నాంచారమ్మా లేరు. మా నడక కరకట్ట మీదే ఆగుతుంది. అక్కడ పిల్లలు కళ్ళు మూసుకుంటారు. నేను నీళ్ళ వైపు తిరిగి, కళ్ళు తెరుచుకునే నిలబడి, మేరీ పేరుతో మొదలుపెడతాను.