తుడిచేసిన మూడు రంగులు

నా దగ్గర పన్నెండో నంబరు కుండపెంకులు మూడుండేవి. ఒకదాని మీద నంబరు నల్ల సిరాతో, ఒకదాని మీద ఎర్ర సిరాతో, ఇంకోదాని మీద ఆకుపచ్చ సిరాతో రాసి ఉండేది. ఇప్పుడు ఏది ఏదో నాకు తెలీదు.

మా టాటానగర్ పక్క సువర్ణరేఖ నది ఒడ్డున ఒక దిబ్బ మీద మూడేళ్లు వరసగా తవ్వాం. దొరికిన ప్రతి పెంకు మీదా నంబరు వేసి, అది ఏ పొరలో దొరికిందో పుస్తకంలో రాయడం నా పని. ఏడాదికో పుస్తకం, ఏటా నంబర్లు మళ్లీ ఒకటి నుంచే. ఏ పెంకు ఏ ఏడాదిదో సిరా రంగే చెప్పేది. మొదటి ఏడు నలుపు, రెండో ఏడు ఎరుపు, మూడో ఏడు ఆకుపచ్చ. ఇప్పుడా దిబ్బ లేదు. చదును చేసి గోదాములు కట్టేశారు. అక్కడ ఒకప్పుడు మనుషులు పొయ్యి వెలిగించి వండుకుతిన్నారనడానికి మిగిలింది ఊళ్లో సిద్ధగోరా పేటలో ఒక గదినిండా ఉన్న పెంకులూ, నా మూడు పుస్తకాలే.

పెంకులు కడిగింది మా బర్మామైన్స్ సందులో ఉండే పిన్ని. టాటానగర్ స్టేషన్లో గ్యాంగుమన్‌గా చేసినాయన భార్య. చదువు రాదు. రంగు చూసి ఏ ఏడాది ట్రే ఆ ఏడాదికి వేరుగా పెట్టేది. మూడేళ్లలో ఒక్కసారి తప్పు పెట్టలేదు.

ఈమధ్య మాలాంటి తవ్వకాల వాళ్లకి కంప్యూటరులో లెక్క ఎలా ఎక్కించాలో నేర్పిస్తామంటే బిష్టుపూర్‌లో క్లాసులకి వెళ్లాను. అందరిలోకీ పెద్దదాన్ని నేనే. "ఏక్ నంబర్, ఏక్ హీ చీజ్, మేడమ్. ఒకే నంబరు రెండు వస్తువులకి ఉండకూడదు," అంది నేర్పే అమ్మాయి. నాకు తల కొట్టేసినట్టయింది. నా దగ్గర ప్రతి నంబరూ మూడేసి సార్లుంది మరి!

పుస్తకాల్లోవన్నీ షీటులోకి ఎక్కించి, నంబరు వరసలో పేర్చి, మొదటి నుంచి చివరిదాకా కొత్త నంబర్లు ఇచ్చుకున్నాను. పెంకుల మీద పాతవి తుడవమని ఆ అమ్మాయి అనలేదు. అది నా అతి తెలివి. షీటూ పెంకూ ఒకటిగా ఉండాలని పిన్నిని కూచోబెట్టుకుని, మూడేళ్ల పెంకుల్నీ కలిపి ఒకట్లూ, రెండ్లూ, మూడ్లూ అంటూ వరస పెట్టాను. నెయిల్ పాలిష్ తుడిచే మందులో దూది ముంచి పాత నంబరు తుడిచి, దాని చోట వరసగా కొత్తది రాయడం మొదలుపెట్టాం.

"ఓలమ్మ! రంగులు కలిపీత్తన్నావేటే?" అంది పిన్ని.

"రంగుతో పని లేదు పిన్నీ. కంప్యూటరుకి నంబరు చాలు. నీకు తెలీదులే, తుడువు."

తుడిచింది. అంత మాట ఎలా అన్నానో, నా నోరు పడిపోను.

ఆఖరి రోజు క్లాసులో చూపించడానికి ఒక ట్రే పట్టుకెళ్లాను. అందులో ఒక పింగాణీ కప్పు ముక్క ఉంది. మొదటిరోజు దిబ్బ పైన గడ్డిలో నా చేత్తో ఏరింది. దాని కొత్త నంబరు షీటులో వెతికితే అట్టడుగు పొర, బొగ్గు పక్కన, నల్ల కుండ అంచు అని వచ్చింది. ట్రేలో మూడు ఒకట్లూ ఏ వరసలో ఉన్నాయో, షీటులో మూడు ఒకట్లూ ఏ వరసలో ఉన్నాయో నేను చూసుకోలేదు. రంగు ఉంటే నిమిషంలో తెలిసేది. రంగు లేదు. పింగాణీ కాబట్టి అదొక్కటి బయటపడింది. మిగతావాటికి చాలామటుకు పుస్తకంలో నేను రాసింది ఒకటే మాట: ఎర్ర కుండ, ముక్క.

"బహుత్ క్లీన్, మేడమ్! ఒక్క ఖాళీ గడి లేదు, ఒక్క డూప్లికేట్ లేదు," అని నేర్పే అమ్మాయి అందరి ముందూ చప్పట్లు కొట్టించింది. సర్టిఫికెట్ తీసుకున్నాను.

తిన్నగా బర్మామైన్స్ వెళ్లి పిన్ని ముందు ఆ ట్రే పెట్టాను. "ఇందులో ఎర్ర సిరావేవో నల్ల సిరావేవో చెప్పగలవా పిన్నీ?" అని ఏడ్చాను. ఒక్కో పెంకూ తీసి, గుమ్మంలో వెలుగుకి పట్టి, తిప్పి తిప్పి చూసింది.

"రంగు చూసే కదమ్మా సెప్పీదాన్ని. నాకేటి తెలుత్తాది?"

నా ఏడుపు చూడలేక లోపలికెళ్లి ఒక పాత సంచి పట్టుకొచ్చింది. అందులో ఆ రోజు తుడిచిన దూది.

"తవ్వకంలోది ఏదీ నువ్వు సెప్పకుండా పారీకూడదని నువ్వే అన్నావు కదా. ఉంచీసినాను. రంగులన్నీ ఇందులో ఉన్నాయి, సూడు."

చూశాను. నలుపూ ఎరుపూ ఆకుపచ్చా కలిసి మట్టిరంగుకి తిరిగిపోయాయి.

"పనికొత్తాయా?" అంది పిన్ని.

"వస్తాయి పిన్నీ," అన్నాను. సంచి తీసుకుని వచ్చేశాను.