ఒక్క తప్పూ లేని పాకెట్

అచ్చాఫీసులో అందరూ ఆయన్ని రివర్స్ బాబాయ్ అనేవారు. సబ్బుల మీద, దగ్గు మందుల మీద, బిస్కెట్ పాకెట్ల మీద వేసే అక్షరాలను అచ్చుకు వెళ్ళే ముందు దిద్దడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా అదే కుర్చీ, అదే ఎర్ర పెన్ను, సీసా అడుగంత మందం ఉన్న అదే భూతద్దం. దేన్నైనా చివరి మాట దగ్గర మొదలుపెట్టి మొదటి మాట దాకా వెనక్కి చదివేవాడు. ముందునుంచి చదివితే మనసు అర్థం వెంట పోతుందని, తప్పు ఆ సందులోంచి జారిపోతుందని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం గట్టిదే. ఆయన చెయ్యి దాటి ఒక్క తప్పు కూడా బయటికి పోలేదు. ఓసారి ప్రూఫు మీద వాలిన ఈగను చుక్క అనుకుని తీసెయ్యమని గుర్తు పెడితే, ఈగ నామోషీ పడి తనే లేచి వెళ్ళిపోయిందట. అచ్చాఫీసులో అలా చెప్పుకునేవారు. నేను పెంచింది కొంచెమే.

ఇన్నేళ్ళూ ఇంత చదివినా, తను చదివినదాంట్లో ఏముందో ఆయనకు ఒక్క ముక్క తెలియదు. ఊరంతా వాడే సబ్బు దేనితో చేస్తారో ఆయన వేలసార్లు చదివాడు. అడిగితే, "అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి" అనేవాడు.

ఇంట్లో ఉండేది ఆయనా, ఆయన అక్కా. ఆరేళ్ళు పెద్దది. వీధివైపు కిటికీ కింద కుట్టు మిషను వేసుకుని బడిపిల్లల చొక్కాలు, దిండు గలీబులు కుట్టేది. కాలితో తొక్కే పాత మిషను. దానికి ఒక కాలు అరిగిపోయి, గట్టిగా తొక్కినప్పుడల్లా ఎగిరెగిరి పడేది. మోటారు పెట్టిస్తానని తమ్ముడంటే, "నా కాలు ఎక్కడికి పోయిందని?" అనేది.

అక్కకు తొమ్మిదేళ్ళుగా షుగరు. టీలో చక్కెర మానేసింది. పెళ్ళిళ్ళకు వెళ్ళినా తీపి పళ్ళెం పక్కవాళ్ళ ముందుకు తోసేది. అంత నిగ్రహంగా ఉన్న మనిషి ఇంట్లోకి తమ్ముడే ఆకుపచ్చ పాకెట్లు మోసుకొచ్చాడు. బిస్కెట్ కంపెనీ వాళ్ళు లేబుల్ అచ్చు వేయించినప్పుడల్లా అచ్చాఫీసుకు ఒక పెట్టె పంపేవారు. దిద్దిన మనిషి వాటా దిద్దిన మనిషిది. పాకెట్ మీద ఒక ఆకు, ఆ ఆకు పక్కన పరుగెత్తుతున్న ఒక సన్నటి అమ్మాయి, ఆ అమ్మాయి నెత్తి మీద బొటనవేలంత అక్షరాల్లో "చక్కెర కలపలేదు". బిస్కెట్లు తిన్నవాళ్ళెవరూ అలా పరుగెత్తలేరు. అలా పరుగెత్తేవాళ్ళు బిస్కెట్లు తినరు. ఆ ఇద్దర్నీ ఒకే అట్ట మీద కలపడానికి కంపెనీలో ఎవరో జీతం తీసుకుంటున్నారు.

అక్క పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు తినేది. తొమ్మిదేళ్ళ తరువాత నాలుక మీద తీపి. "చక్కెర లేకుండానే ఇంత తియ్యగా ఎలా చేశార్రా?" అని ఒకసారి అడిగింది కూడా.

"సైన్సు అక్కా," అన్నాడు తమ్ముడు.

మిషను తొక్కే పలక అంచు గీసుకుని అక్క కుడికాలి బొటనవేలికి చిన్న పుండు పడింది. వారంలో మానాల్సింది నెల దాటినా మానలేదు. వేలు నల్లబడటం మొదలైంది. డాక్టరమ్మ పరగడుపున రక్తం తీయించి చూస్తే రెండు వందల ఎనభై.

"ఏం తింటున్నారమ్మా?"

"ఏమీ తినడం లేదు."

"తినకుండా ఇంత రాదు. మూడు వారాలు చూస్తాను. షుగరు దిగకపోతే వేలు తీసెయ్యాలి. అక్కడితో ఆగుతుందని కూడా చెప్పలేను."

అక్క తన కాలివైపు చూసుకుంది. తొక్కడానికి ఉన్నది ఆ కాలే. ఎడమకాలికి ఆ తాళం రాదు.

రివర్స్ బాబాయ్ మధ్యలో దూరాడు. "బిస్కెట్లు తింటుందండీ. అవి షుగరువాళ్ళవే. నేనే స్వయంగా చూశాను. ఒక్క తప్పు కూడా లేదు."

డాక్టరమ్మకు బయట ఇంకా ఇరవైమంది ఉన్నారు. "ఇంట్లో దాచుకుని ఏదో తింటున్నారు. మీరే కనిపెట్టండి," అని ఆయనకు పని అప్పజెప్పింది.

ఆయన ఆ పనిని నిష్ఠగా చేశాడు. అక్క స్నానానికి వెళ్ళగానే మిషను సొరుగు లాగాడు. గుండీల డబ్బా బోర్లించాడు. దారపు ఉండల వెనక, గలీబుల దొంతర కింద, ఆఖరికి కత్తెర ఒరలో కూడా మిఠాయి కోసం వెదికాడు. దొరికినవన్నీ ఆకుపచ్చ పాకెట్లే. వాటిని గౌరవంగా పక్కన పెట్టి మళ్ళీ వెదికాడు. దొంగను తనే పక్కకు జరిపి, దొంగ కోసం గది మొత్తం గాలించిన మనిషి లోకంలో ఆయనొక్కడే అయి ఉంటాడు.

అక్క గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"దొరికిందా?"

ఆయన గుండీలు ఏరుతూ ఉండిపోయాడు.

"అరవై ఏళ్ళుగా నన్ను చూస్తున్నావు. నా మాట మీద నమ్మకం లేదు. నిన్నగాక మొన్న పుట్టిన పాకెట్ మీద ఉంది."

"అది కాదక్కా, అందులో చక్కెర లేదని రాసుంది కదా."

"మరి ఏముందని రాసుంది?"

ఆయన పాకెట్‌ను అటూ ఇటూ తిప్పాడు.

"నువ్వే కదరా చదివి సంతకం పెట్టావు. ఇప్పుడు నాకు చదివి పెట్టు. మనుషులు చదివినట్టు, ముందునుంచి."

ఆయన భూతద్దం తెచ్చాడు. కలిపిన సరుకుల జాబితాను కంపెనీవాళ్ళు పాకెట్ అతుకు మీద, సరిగ్గా చింపే చోట వేశారు. ఎవరు తెరిచినా సాక్ష్యం రెండు ముక్కలవుతుంది. అక్షరాలు చూస్తే, చీమ కూడా కళ్ళజోడు తెచ్చుకుని చదవాలి. చింపని పాకెట్ ఒకటి పట్టుకుని ఆయన జీవితంలో మొదటిసారి ఒక లేబుల్‌ను మొదటి మాట నుంచి చదివాడు.

"గోధుమ పిండి. మాల్టోడెక్స్ట్రిన్. చిక్కబరిచిన ద్రాక్ష రసం. ఖర్జూర పాకం..."

"ఆగు. ద్రాక్ష చేదుగా ఉంటుందా?"

"ఉండదు."

"ఖర్జూరం?"

ఆయన తల దించుకున్నాడు. "మరి ఇన్నిసార్లు చూశావు కదరా, ఇవి కనబళ్ళేదా?" అంది అక్క.

"కనబడ్డాయక్కా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

మర్నాడు కట్టు మార్చేటప్పుడు పాకెట్ చూపిస్తే డాక్టరమ్మ చదివి బల్ల మీద పడేసింది. "ఈ మాల్టోడెక్స్ట్రిన్ పిండిలోంచి తీసిన పొడి. ఒంట్లోకి పోయాక చక్కెరలాగే పరుగెత్తుతుంది. ఈ రసం, పాకం రెండూ చక్కెరకు చుట్టాలు. చక్కెర అని పేరున్న వస్తువు కలపలేదు, అంతే. రోజుకు ఎన్ని తింటున్నారు?"

"ఎనిమిది," అంది అక్క.

డాక్టరమ్మ మందు మార్చింది, కట్టు మార్చింది, బిస్కెట్లు మాన్పించింది. మూడు వారాల గడువు మాత్రం మార్చలేదు.

ఆ వారమే అదే లేబుల్ మళ్ళీ అచ్చుకు వచ్చింది. రివర్స్ బాబాయ్ ఎర్ర పెన్ను తీసి, "చక్కెర కలపలేదు" పక్కన ఒక ప్రశ్నార్థకం గీశాడు. సంతకం పెట్టలేదు. దిద్దే మనిషి సంతకం లేనిదే అక్కడ అచ్చు మిషను తిరగదు. ఫోర్‌మన్ కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఇందులో తప్పేముంది బాబాయ్?"

"తప్పు లేదు. అబద్ధం ఉంది."

"అబద్ధాలు చూసే సెక్షన్ మనకు లేదు కదా."

కబురు పోయి బిస్కెట్ కంపెనీ నుంచి టై కట్టుకున్న మనిషి ఒకాయన వచ్చాడు. ఆయనకు కోపం రాదు. అలా రాకుండా ఉండటానికి శిక్షణ ఇస్తారట. "మేం చక్కెర కలపలేదు సార్. ప్రకృతి కలిపింది," అన్నాడు.

"ప్రకృతిని మీరెందుకు కలిపారు?"

"కస్టమర్ తీపి అడుగుతారు సార్. చక్కెర వద్దంటారు. ఇద్దరి మాటా వినాలి కదా."

"ఇద్దరా? అడిగేది ఒక్కరే కదండీ." రివర్స్ బాబాయ్ పాకెట్ విప్పి ముందుకు జరిపాడు. "ఒకటి తీసుకోండి."

"వద్దు సార్."

"మీదే కదా, మొహమాటమెందుకు?"

టై మనిషి ఫోర్‌మన్ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, చివరికి గొంతు తగ్గించాడు. "నాకూ షుగరుంది సార్."

కాగితం మీద దిద్దే మనిషి చోట ఫోర్‌మన్ తనే సంతకం పెట్టుకున్నాడు. లేబుల్ అచ్చయింది. ప్రశ్నార్థకం ఎక్కడా పడలేదు. ఆకును మాత్రం కొంచెం పెద్దది చేశారు.

మూడు వారాలకు అక్క షుగరు నూట నలభైకి దిగింది. నల్లటి చర్మం ఊడింది, గోరు పోయింది, వేలు మిగిలింది. "ఉంచుకోండి," అంది డాక్టరమ్మ. అక్క ఇంటికి వచ్చి చెప్పులు విప్పి నేరుగా మిషను దగ్గర కూర్చుంది.

ఇంట్లో ఇంకా మూడు పాకెట్లు మిగిలి ఉన్నాయి. ఎవరికైనా ఇద్దామంటే పగవాళ్ళు కూడా గుర్తుకు రాలేదు. అక్క వాటిని దొంతరగా పేర్చి మిషను అరిగిన కాలి కింద దోపింది. మిషను కదలడం మానేసింది. ఆ బిస్కెట్ల వల్ల ఒంటికి జరిగిన మేలు లేదు గాని, మిషనుకు జరిగింది.

నాలుగు రోజుల తరువాత ఆయన అచ్చాఫీసు నుంచి వచ్చేసరికి కిటికీ కింద నుంచి మిషను కాలి దాకా చీమలు బారు కట్టి ఉన్నాయి. పరుగెత్తే అమ్మాయి మీదుగా, ఆకు మీదుగా, బొటనవేలంత అక్షరాల మీదుగా ఎక్కి పాకెట్ అతుకులోకి దూరుతున్నాయి.

అక్క తొక్కడం ఆపలేదు. "చూడరా, వీళ్ళెవరూ వెనకనుంచి చదివినట్టు లేరు," అంది.